హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే క్యాన్సర్ వచ్చినట్టేనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. హనుమకొండలో పరీక్ష చేయిస్తే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) 16వ రకం పాజిటివ్ అని వచ్చింది. పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం కణాలను తీసి చూసే పరీక్ష) మాత్రం నార్మల్. ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది. ఈ వైరస్ క్యాన్సర్ ఎలా తెస్తుంది? మా పాపకు 13 ఏళ్లు, తనకేమైనా అవుతుందా?

జవాబు: అమ్మా, మీకు క్యాన్సర్ ఉందని ఆ రిపోర్టులో లేదు. గర్భాశయ ముఖద్వారంలో వైరస్ ఉందని మాత్రమే ఉంది. చాలామందిలో ఇది రెండేళ్లలోపే దానంతటదే పోతుంది. ఏళ్ల తరబడి తిష్ట వేస్తేనే ప్రమాదం.

ఎందుకంటే ఈ వైరస్‌కు సొంతంగా తన డీఎన్‌ఏను కాపీ చేసుకునే యంత్రాంగం లేదు. మన కణం విభజనకు సిద్ధమైనప్పుడు వాడే సరంజామానే అదీ వాడుకోవాలి. కానీ ముఖద్వారం పైపొరల్లోని కణాలు విభజన ఆపేసి ఉంటాయి. అందుకని వైరస్ ఇ7 అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. మన కణంలో ఆర్‌బీ అనే ప్రొటీన్ బ్రేకులా పనిచేస్తుంది. ఇ2ఎఫ్ అనే ప్రొటీన్లను పట్టి ఉంచి, అనవసరంగా విభజన మొదలు కాకుండా చూస్తుంది. ఇ7 వెళ్లి ఆర్‌బీకి అతుక్కుని దాన్ని నాశనం చేయిస్తుంది. ఇ2ఎఫ్ విడుదలై, ఆగి ఉండాల్సిన కణం డీఎన్‌ఏ కాపీ చేయడం మొదలుపెడుతుంది.

మామూలుగా ఇలాంటి తేడా వస్తే పీ53 అనే ప్రొటీన్ కనిపెట్టి కణాన్ని ఆపుతుంది, లేదంటే చచ్చిపోయేలా చేస్తుంది. వైరస్ రెండో ప్రొటీన్ ఇ6, ఆ పీ53నే ముక్కలు చేయిస్తుంది. ఇక డీఎన్‌ఏలో తప్పులు పడినా అడిగేవారుండరు. కొన్నిసార్లు వైరస్ డీఎన్‌ఏ మన క్రోమోజోమ్‌లోనే చేరిపోయి, ఇ6, ఇ7 అదుపు లేకుండా తయారవుతాయి. అప్పుడు తప్పులు పోగై, సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లకు క్యాన్సర్‌గా మారొచ్చు. మధ్యలో పట్టుకోవడానికి మనకు చాలా సమయం ఉందన్నమాట.

అలాగని ఊరుకోవద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. అందుకే 16 పాజిటివ్ అయితే స్మియర్ నార్మల్‌గా ఉన్నా కాల్పోస్కోపీ చేయించాలి. ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్ష అది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. వరంగల్ ఎంజీఎంలో గానీ, మీకు దగ్గర్లోని గైనకాలజిస్టు దగ్గర గానీ అడగండి. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముందస్తు మార్పులు కనిపిస్తే ఆ భాగం వరకే తీసేసి నయం చేయొచ్చు. ఏమీ లేదని తేలినా ఏడాదికి మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష తప్పనిసరి.

ఇంట్లో చెప్పండి. దాంపత్య జీవితం ఉన్న చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. ఎన్నేళ్ల క్రితం అంటిందో ఏ పరీక్షా చెప్పలేదు. మీ నడవడినో, మీ ఆయన నడవడినో అనుమానించడానికి ఇది ఆధారం కానే కాదు. టెన్షన్‌తో ఒంటరిగా కుమిలిపోవద్దు, కాల్పోస్కోపీకి ఆయన్ని వెంట తీసుకెళ్లండి.

పాపకు మీతో కలిసి ఉండటం వల్ల ఇది రాదు. తనకు ఇప్పుడు ఏ పరీక్షా అవసరం లేదు, టీకా మాత్రం వేయించండి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య, వైరస్ సోకకముందే వేస్తే బాగా పనిచేస్తుంది. అదే టీకా మీకు వేసినా ఇప్పుడున్న ఇన్‌ఫెక్షన్‌ను పోగొట్టదు, కాబట్టి దాన్ని నమ్ముకుని కాల్పోస్కోపీని వాయిదా వేయకండి.