ఆగి ఉన్న ఇంజన్‌కే జబ్బులెక్కువ

ప్రశ్న: పీక్ లోడు వేళ గ్రిడ్‌కు కరెంటిచ్చే 5 మెగావాట్ల డీజిల్ ప్లాంటు మాది. నెలలో చాలా రోజులు ఊరికే ఉంటుంది. తీరా కావాలన్నప్పుడు రెండు మూడుసార్లు తిప్పితే గాని స్టార్ట్ కాదు, అయ్యాక తెల్లపొగ. ఓవర్‌హాల్ చేయించాలా?

జవాబు: అప్పుడే ఇంజన్ విప్పకండి. ముందు జాకెట్ నీటి (సిలిండర్ల చుట్టూ తిరిగే నీరు) హీటరు చూడండి. ఇంజన్ ఆగి ఉన్నా ఆ నీరు 60 డిగ్రీల దరిదాపుల్లో తిరుగుతూ ఉండాలి. సిలిండర్ చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా మండక ఆవిరై బయటికి పోతుంది. మీరు చూస్తున్న తెల్లపొగ అదే. హీటరు దగ్గర పైపు కాలుతూ, చివరి సిలిండర్ హెడ్డు చల్లగా తగిలితే సర్క్యులేషన్ పంపు ఆగిందేమో చూడండి.

తర్వాత ట్యాంకు. సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ గోడలకు చెమటలా పట్టి అడుగుకు దిగుతుంది. నీరూ డీజిలూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి, ఆ జిగురు ఫిల్టర్లకు పట్టేస్తుంది. వారానికోసారి ట్యాంకు అడుగు కాక్ (కుళాయి) తిప్పి గాజు సీసాలో పట్టండి. సీసా అడుగున నీటి గీత కనిపించకుండా పోయేదాకా వదలండి.

స్టార్ట్ చేసేముందు ఇండికేటర్ కాక్‌లన్నీ (ఒక్కో సిలిండర్‌కూ ఉండే చిన్న కుళాయిలు) తెరిచి ఇంజన్‌ను నెమ్మదిగా రెండు చుట్లు తిప్పడం మానకండి. ఏ కాక్ నుంచైనా నీటి తుంపర ఎగిరిందా, ఆ పూట స్టార్ట్ మాటే వద్దు. గాలిలా నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ఇక టెస్టు రన్ పేరిట లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి ఆపేస్తుంటే, అసలు తిప్పకపోవడమే నయం. తక్కువ లోడుమీద, అందులోనూ 30 శాతం లోపు, మండని ఇంధనం ఎగ్జాస్ట్‌లో నల్లటి జిడ్డుగా కారుతుంది. 60, 70 శాతం లోడుతో గంటసేపు నడపండి.

ప్రశ్న: డీజిల్ బదులు ఫర్నేస్ ఆయిల్ వాడితే ఖర్చు తగ్గదా?

జవాబు: రోజంతా నడిచే ప్లాంటుకైతే తగ్గుతుంది. రెండు గంటలు నడిచేదానికి కలిసిరాదు. ఆ చిక్కటి నూనె ఇంజెక్టర్ నుంచి సరిగా చిమ్మాలంటే 120 నుంచి 140 డిగ్రీల దాకా కాగాలి. అంటే ఆ కాసేపటి కోసం ట్యాంకూ పైపులూ 24 గంటలూ వేడిగా ఉంచాలి. ఆపేముందు డీజిల్‌కు మార్చి లైనంతా కడగాలి కూడా. మరిచారా, చల్లారిన నూనె పంపులోనే గడ్డకట్టి కూర్చుంటుంది.

ప్రశ్న: సింక్రొనైజ్ చేసేటప్పుడు (జనరేటర్‌ను గ్రిడ్‌తో జత కలిపేటప్పుడు) సింక్రొస్కోపు మీటరు ముల్లు గడియారం దిశలోనే ఎందుకు తిరగాలి?

జవాబు: అప్పుడు జనరేటర్ గ్రిడ్ కన్నా రవ్వంత వేగంగా ఉన్నట్టు. బ్రేకర్ (రెంటినీ కలిపే పెద్ద స్విచ్) మూసుకోగానే లోడు అందుకుంటుంది. ఎదురు తిరుగుతుండగా వేస్తే గ్రిడ్డే దాన్ని మోటారులా తిప్పబోతుంది, ఆ ఎదురు పవర్‌ను పసిగట్టే రివర్స్ పవర్ రిలే బ్రేకర్‌ను ట్రిప్ చేస్తుంది. ముల్లు 12కు కాస్త ముందుండగానే స్విచ్ తిప్పండి. బ్రేకర్ మూసుకునేలోపు అది 12కు చేరుతుంది.