బాతుల వేటకి ఏ గుండ్లు కొనాలి?

తమ్ముడూ, ఆఫీసు ఫ్రెండ్ బాతుల వేటకి రమ్మన్నాడని, షాపులో స్టీల్, బిస్మత్, టంగ్‌స్టన్ లోహాల చిన్న గుండ్లు నింపిన తూటాల డబ్బాలు చూసి తల తిరిగిందని రాశావు. గుండ్ల సంగతి తర్వాత, ముందు నీ వీసా సంగతి. హెచ్‌-1బి, ఎఫ్‌-1 వీసాల మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకుంటే ఫెడరల్ నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి లైసెన్సు చేతికొచ్చాకే షాపుకెళ్లు.

సీసం గుండ్లు ఎందుకు వద్దంటారంటే, మన కోళ్లలాగే బాతులు కూడా మేత అరగడానికి చిన్న చిన్న రాళ్లు మింగుతాయి, చెరువుల బురదలో పడున్న సీసం గుండ్లు కూడా వాటితో పాటు కందనకాయలోకి పోయి అక్కడ అరిగి రక్తంలో కలిసి చంపేస్తాయి. అందుకే 1991 నుంచి దేశమంతా నీటి పక్షుల వేటలో సీసం నిషేధం. మా కాలిఫోర్నియాలో అయితే 2019 జూలై నుంచి ఏ వేటకీ సీసం పనికిరాదు. బాతుల వేటలో జేబులో ఒక్క సీసం తూటా దొరికినా తప్పే, పాత జాకెట్లు వేసుకునే ముందు దులుపుకో.

ఇక అసలు చిక్కంతా సాంద్రతలోనే. ఘన సెంటీమీటరుకి సీసం 11.3 గ్రాములు, స్టీల్ 7.8 మాత్రమే. అదే సైజు స్టీల్ గుండు తేలిక కాబట్టి గాలిలో త్వరగా వేగం తగ్గి, దూరం పోయేసరికి సత్తువ ఉండదు, పక్షి గాయపడి ఎగిరిపోతుంది, అది నాకు అస్సలు నచ్చని పని. దానికి పాతవాళ్ల చిట్కా రెండు సైజులు పెద్దది వాడటం. నాలుగో నంబరు సీసం 0.13 అంగుళాలు, రెండో నంబరు స్టీల్ 0.15, నంబరు తగ్గితే గుండు పెద్దదన్నమాట. లెక్కేస్తే రెండూ దాదాపు ఒకే బరువు. కాకపోతే పెద్ద గుండుకి గాలి అడ్డు ఎక్కువ, అందుకని దూరపు పక్షి జోలికి పోకు.

బిస్మత్ 9.8, తగరం కలిపాక కొంచెం తగ్గుతుంది. మెత్తన కాబట్టి పాత తుపాకులకి అదే మేలు. టంగ్‌స్టన్ శుద్ధంగా ఉంటే 19.3, సీసాన్ని మించిన బరువు, కానీ ఆ ఒక్క తూటా డబ్బుతో స్టీల్‌వి చాలానే వస్తాయి. కొత్తవాడివి, సగం గురి తప్పుతావు, స్టీల్ చాలు.

వండేముందు మాత్రం మాంసాన్ని వేళ్లతో బాగా తడిమి చూడు, స్టీల్ గుండు పంటి కింద పడితే నలగదు. నా దవడ పన్ను ఒకటి అలాగే పోయింది.