కాలనీ పార్కులో చల్లిన పూలగింజలు గరికలో కలిసిపోయాయి, మళ్లీ ఎలా వేయాలి?

హైదరాబాద్ కాలనీ పార్కులో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చోటు, రెండు బస్తాల పశువుల ఎరువు, జూన్‌లో చల్లిన ‘వైల్డ్‌ఫ్లవర్’ ప్యాకెట్, చివరికి మిగిలింది గరిక. మీరు రాసింది ఇదే కదా. ఎరువే దెబ్బకొట్టింది. బలమైన నేలలో ముందు లేచేది గడ్డి, దాని నీడలో పూలమొలకలు చచ్చిపోతాయి. పైగా ఆ ప్యాకెట్లలో ఎక్కువగా ఉండే పాపీ, కార్న్‌ఫ్లవర్ చలిదేశాల మొక్కలు.

ఈసారి ఎరువు అసలు వద్దు. ఏప్రిల్‌లో గరిక వేళ్లతో సహా తవ్వి తీసి, నేల బాగా తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు కప్పి, అంచుల మీద మట్టి వేసి 5, 6 వారాలు ఉంచండి. ఎండకు కలుపు గింజలు ఉడికిపోతాయి. తుంగ గడ్డలు మాత్రం దీనికి లొంగవు, చేత్తో తవ్వాల్సిందే.

గింజలు కొనక్కర్లేదు. ఖాళీ ప్లాట్లలో డిసెంబరు, జనవరిల్లో ఎండిన తుమ్మి గుత్తులను కాగితం సంచిలో దులపండి. ఎండిన తంగేడు కాయలు, గిలిగిచ్చ కాయలు, తులసి, సబ్జా కంకులు కూడా తీసిపెట్టుకోండి. తంగేడు గింజ పెంకు గట్టిది. పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా ఉంచి, ఉబ్బినవాటినే వెనక వరుసలో నాటండి. 4 మొక్కలు చాలు.

మీ చోటుకు అన్నీ కలిపి 50, 60 గ్రాముల గింజ సరిపోతుంది. పది రెట్లు పొడి ఇసుకలో కలిపి, తొలకరి పడి నేల నానాక సగం అడ్డంగా, సగం నిలువుగా చల్లండి. మట్టి కప్పొద్దు, తుమ్మి గింజ చాలా సన్నం. కాలితో తొక్కితే చాలు. గుప్పెడు నువ్వులు కూడా కలపండి. 40 రోజులకల్లా పూస్తాయి, ‘ఇదేం పిచ్చిమొక్కల దిబ్బ’ అనేవాళ్లు శాంతిస్తారు.

అసలు ప్రమాదం కలుపు తీసేటప్పుడు. వయ్యారిభామ ఆకు చీలికలు చీలికలుగా క్యారెట్ ఆకులా ఉంటుంది. తుమ్మి ఆకు సన్నగా, ఎదురెదురుగా, కాడ పలకలుగా ఉంటుంది. రెండింటినీ మాలికి చేతిలో పెట్టి చూపించండి, లేదంటే తుమ్మినే పీకేస్తారు. వయ్యారిభామను పూతకు ముందే, గ్లవ్స్ వేసుకుని పీకాలి. చవితికి తుమ్మికూర కోసుకునేవాళ్లకు ఒక పక్క వదలండి, మిగతాది పూతకు రావాలి.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని వణికిస్తే ఆ పుప్పొడి రాలుతుంది. తేనెటీగలకు ఆ విద్య రాదు, వాటికి తుమ్మి, తులసి కావాలి. గుంపుగా కాక ఒంటరిగా, నేలలో బొరియ చేసుకుని బతికే తేనెటీగల కోసం ఎండ తగిలే గజం చోటు ఏమీ వేయకుండా వదలండి, టైల్స్ పరచొద్దు.

ఫిబ్రవరిలో గింజ రాలాక సగం చోటునే జానెడు ఎత్తుకు కోయండి, రెండో సగం నెల తర్వాత. కోసిన కాడలు మూడు రోజులు అక్కడే ఎండనిచ్చి, దులిపి, బయటికి తీసేయండి. అక్కడే కుళ్లితే అదే మళ్లీ ఎరువవుతుంది.