తల్లి కువైట్‌లో ఉంది, పిల్లవాడు బడిలో నోరు విప్పడం లేదు: కౌన్సిలర్ లేని బడిలో టీచర్ ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాను టీచర్ గారూ. ఎనిమిదో తరగతి అబ్బాయి. తల్లి రెండేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది, వాడు అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడడు, వారానికి ఒకటి రెండు రోజులు బడికే రాడు. బడిలో కౌన్సిలర్ లేరు, హెచ్ఎం గారేమో హాస్టల్లో వేయించమంటున్నారు. ఏం చేయమంటారని అడిగారు.

హాస్టల్ మాట ఇప్పుడే ఎత్తకండి. తల్లి దూరమై కుంగిపోయిన పిల్లవాణ్ణి అమ్మమ్మ దగ్గర్నుంచి కూడా తీసేస్తే వాడికింకేం మిగులుతుంది? ముందు వాళ్లింటికి ఒకసారి వెళ్లిరండి.

పి.గన్నవరం వైపు లంక గ్రామాల పిల్లలు వచ్చే హైస్కూల్లో నేను పద్నాలుగేళ్లుగా సోషల్ చెబుతున్నాను. కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లిన ఆడవాళ్లు లేని ఊరు అరుదు. మా ప్రతి క్లాసులోనూ అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరిగే పిల్లలుంటారు. వాళ్లలో ఒక పాప సంగతి చెబుతాను.

నాలుగేళ్ల కిందట ఆ పాప మొదటి పీరియడ్లో రోజూ నిద్రపోయేది. రెండు మూడుసార్లు నిలబెట్టాను. ఒకరోజు అందరి ముందూ ‘రాత్రంతా ఫోన్ చూస్తే ఇలాగే ఉంటుంది’ అనేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. పాప నిజంగానే రాత్రి ఫోన్ దగ్గర కూర్చునేది, కానీ నేననుకున్నందుకు కాదు.

ఒక ఆదివారం పడవ దాటి వాళ్లింటికి వెళ్లాను. మామ్మగారు అరుగు మీద చాప వేసి కూర్చోమన్నారు. లోపల కిటికీ ఊచకి రెండు రబ్బరు బ్యాండ్లతో ఫోన్ కట్టి ఉంది. ఇల్లు మొత్తానికి సిగ్నల్ అందేది అక్కడొక్కటే. దాని కింద ఒక పీట, పీట పక్కన నేల మీద దోమల చుట్ట కాలిన బూడిద గుండ్రంగా పడి ఉంది. తల్లి పని తెమిలి ఫోన్ చేసేసరికి కువైట్‌లో రాత్రి పది. మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి ఇక్కడ పన్నెండున్నర. ‘ఆ పీట మీదే కూర్చుని తూగుతుందండీ, పడుకోమన్నా వినదు. ఒకరోజు నిద్రపోయి ఫోన్ ఎత్తకపోతే వాళ్లమ్మ తెల్లార్లూ ఏడ్చిందంట’ అన్నారు మామ్మగారు.

అక్కడి నుంచే తల్లికి వాయిస్ మెసేజ్ పెట్టాను. ముందు పాప తెలుగులో తెచ్చుకున్న మార్కులు చెప్పాను. బడి నుంచి ఫోన్ అంటే ఆ తల్లులకి గుండె జారిపోతుంది, అందుకే మంచి మాటతో మొదలుపెట్టాలి. తర్వాత నిద్ర సంగతి చెప్పాను. కూతురు తన కోసం అర్ధరాత్రి దాకా మేలుకుంటోందని ఆవిడకి తెలియదు. పాప పడుకునే లేచి ఫోన్ ఎత్తుతోందనుకుంది. అక్కడ ఐదున్నరకి లేస్తుంది, అంటే మనకి ఎనిమిది. పాప జడ వేసుకునే టైము. ఆ రోజు నుంచి కాల్ పొద్దున్నకి మారింది. పది నిమిషాలే, కానీ ‘ఏ రిబ్బన్ కట్టుకున్నావ్’ అని అడిగే అమ్మ దొరికింది. నెల తిరక్కుండా మొదటి పీరియడ్లో నిద్రపోవడం ఆగిపోయింది. పాప నాతో మనసు విప్పి మాట్లాడడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది.

మీ అబ్బాయి రాని రోజులు ఏవో రిజిస్టర్లో చూడండి, వారాలూ తేదీలూ రెండూ. ఈ పాప నెలనెలా ఒకే రోజు మానేసేది. ఆరా తీస్తే అది మందులిచ్చే 104 బండి ఊళ్లోకి వచ్చే రోజు. మామ్మగారికి సుగర్, బీపీ. నడవలేరు, బిళ్లల మీద రాసింది చదవలేరు. ఆశా కార్యకర్తతో మాట్లాడితే బిళ్లలు ఇంటికి తెచ్చిస్తానంది. పొద్దున బిళ్లల పొట్లం మీద సూర్యుణ్ణి, రాత్రివాటి మీద చంద్రుణ్ణి పాపే బొమ్మ వేసింది. హాజరు కోసం పిల్లని ఎంత మందలించినా జరగని పని, మామ్మగారి మందుల దారి చూస్తే జరిగింది. మనం ‘పిల్లల మానసిక సమస్య’ అనేదాంట్లో సగం ఇంటి అవసరమే అని నాకు అప్పుడు అర్థమైంది.

డబ్బు ఇబ్బంది కూడా అడిగి తెలుసుకోండి. తండ్రి చనిపోయిన, లేదా వదిలేసి వెళ్లిన కుటుంబమైతే మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్లవాడికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కి అప్లై చేయొచ్చు. ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగం చూస్తుంది, ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని అడిగితే దారి చెబుతారు. కాగితాలు పట్టుకుని తిరగడం అమ్మమ్మ వల్ల కాదు, ఒకసారి మీరు తోడు వెళ్లండి.

బడిలో పేరెంట్స్ మీటింగ్ జాగ్రత్తండి. మేం ఒకసారి తల్లులకి ముగ్గుల పోటీ పెట్టాం. అందరూ ముగ్గులు చూస్తుంటే ఈ పాప చేతిపంపు వెనక నిలబడి మీట కొడుతూనే ఉంది, కింద బిందె కూడా లేదు. ఆ తర్వాత నుంచి ‘తల్లులకు’ అని రాయడం మానేసి ‘ఇంట్లోవాళ్లకు’ అని రాస్తున్నాం. క్లాసులో ‘మీ అమ్మ ఎప్పుడొస్తుంది’ అని నలుగురిలో ఎవరూ అడక్కుండా కూడా చూడండి.

మాట్లాడించడానికి ఎదురుగా కూర్చోబెట్టి ‘నీకేమైంది చెప్పు’ అంటే వాడు ఇంకా ముడుచుకుపోతాడు. రోజూ ఒక చిన్న పని అప్పగించండి. హాజరు పుస్తకం ఆఫీసు రూముకి మీతో పాటు తీసుకురావడం లాంటిది. పక్కపక్కన నడుస్తుంటే పిల్లలకి నోరు తేలిగ్గా వస్తుంది. మొదటి వారం ఏమీ మాట్లాడకపోయినా ఆ రెండు నిమిషాలు మానకండి. ఈ పాప పదకొండో రోజున ‘మాస్టారండీ, అమ్మకి అక్కడ కాళ్లు వాచాయంట’ అంది. అదే మొదటి మాట.

ఇదంతా చేస్తూనే ఒకటి గమనించాలి. తిండి మానేయడం, ఒంటిమీద కోసుకున్న గాట్లు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, ‘నేను లేకపోతే ఎవరికేంటి’ లాంటి మాటలు. ఇవి కనిపిస్తే ఇంటి సంగతులు చక్కబడేదాకా ఆగకూడదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతాం, అలా జరగదు. మా బడిలో ఒక పదో తరగతి అబ్బాయిని నేను అలాగే అడిగాను. తల ఊపాడు. ‘ఎవరికీ చెప్పొద్దు సార్’ అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వలేనని, తనని ఒంటరిగా వదలనని చెప్పాను. వాడి పక్కనే కూర్చుని టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి చేశాను. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మర్నాడు తండ్రీ నేనూ కలిసి కాకినాడ ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లాం. ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుందో అడిగి, ముందురోజు రాత్రే తీయించేశాను. పొలం ఉన్న ఇళ్లలో ఇది మరిచిపోకండి. ఇంట్లోనే ఎవరైనా కొడుతున్నారనో మరో రకంగా హింసిస్తున్నారనో తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి.

కౌన్సిలర్ గురించి హెచ్ఎం గారితో గట్టిగానే మాట్లాడండి. విశాఖలో ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. అంతకంటే చిన్న బడులైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. పేరెంట్స్ కమిటీలో తీర్మానం రాయించి మండలానికి పంపండి. ఒకసారికి కదలకపోతే మళ్లీ పంపండి.

కువైట్‌లో వారం సెలవు శుక్రవారం. ఇంటిపనివాళ్లకి అదీ ఒక్కోసారి దొరకదు, అయినా ఆ రోజు కాస్త తీరిక ఉండొచ్చు. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లి అమ్మమ్మ గారి దగ్గర తల్లి నంబరు తీసుకోండి, కాల్ ఎన్నింటికి వస్తుందో అడగండి, ఆ పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడో చూడండి. వెళ్లొచ్చాక ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.