అప్లికేషన్‌లో కులం అడిగిన చోట ఆగిపోయాను

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. వయసు 26. ఎస్సీ సర్టిఫికెట్‌తోనే చదువుకున్నాను. అమ్మ చర్చికి పోతుంది కానీ బాప్తిస్మం తీసుకోలేదు. నాయన ప్రతి ఏడాదీ గంగజాతరకు పొంగలి పెడతాడు. ఎనిమిది నెలల కింద నేను ఇష్టపూర్వకంగా బాప్తిస్మం తీసుకున్నాను. తిరుపతిలో రూములో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. కోచింగ్‌కి నాయన అప్పు చేశాడు. ఇప్పుడు అప్లికేషన్‌లో ఎస్సీ అని పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. బావేమో ‘ఫోన్లో ఉన్న బాప్తిస్మం ఫోటోలు తీసేయ్, అందరూ చేసేదే’ అంటున్నాడు. పాస్టర్ గారు కూడా దేవుడు హృదయాన్ని చూస్తాడు, కాగితాలను కాదు అన్నారు. యేసు చెప్పిన ఇరుకు దారి ఇదేనా, నాది మూర్ఖత్వమా?

సలహా: మూర్ఖత్వం కాదు. మీ బావ మాట ఒకసారి మళ్లీ చదవండి. అందులో తప్పేమీ లేదని ఆయన అనలేదు, ఫోటోలు తీసేయమన్నాడు. దాచాల్సిన పని అని ఆయనకూ తెలుసు. ఇక దేవుడు హృదయాన్ని చూస్తాడంటారా, మంచిదే. ఇప్పుడు గొడవంతా ఆ హృదయంలోనే కదా!

ముందు చట్టం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. చర్చికి క్రమం తప్పకుండా వెళ్తూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మన రాష్ట్రంలో తప్పుడు కుల ధ్రువీకరణ మీద 1993 నుంచి విడిగా చట్టమే ఉంది. ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టాక ఎవరో ఒకరు అర్జీ పెడితే అప్పుడు పడే టెన్షన్ మీ ఒక్కరిదే కాదు. బాప్తిస్మానికి ముందు తీసుకున్న స్కాలర్‌షిప్పుల గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. అప్పుడు మీరు చెప్పుకున్నది నిజమే.

ఇక ఖరీదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని మన రాష్ట్రం బీసీ-సీ కింద లెక్కిస్తుంది. దానికున్న రిజర్వేషన్ 1 శాతం. అంటే నూటికి పదిహేను ఉన్న చోటు నుంచి నూటికి ఒకటి ఉన్న చోటికి వస్తున్నారు. చిన్న నోటిఫికేషన్‌లో ఆ ఒక్కటీ ఉండకపోవచ్చు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసే అడిగాడు. ఆ లెక్క మీరింకా పూర్తిగా చూసుకున్నట్టు లేరు. గ్రూప్-2 ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే చాలా కష్టపడతారు. కేంద్రం ఓబీసీ జాబితాలో కూడా మీ వర్గం ఉంది, అక్కడ రిజర్వేషన్ 27 శాతం. బ్యాంకులు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల మీద ఈ నెల నుంచే దృష్టి పెట్టండి.

ఇది న్యాయమేనా అంటే, నా మట్టుకు నాకు న్యాయంగా కనిపించదు. బాప్తిస్మం తీసుకున్నారని మీ ఇల్లు కాలనీలోంచి ఊరి నడిమికి రాలేదు. మిమ్మల్ని చూసే చూపూ మారలేదు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని మన శాసనసభ 2023 మార్చిలో తీర్మానం కూడా చేసింది. దాని కోసం నలుగురితో కలిసి గట్టిగా అడగండి. అడగడం వేరు, అప్లికేషన్‌లో అబద్ధం పెట్టడం వేరు. మీలా చేయలేకపోయిన వాళ్లు మీ చర్చిలోనే ఉండొచ్చు. వాళ్ల సర్టిఫికెట్ల జోలికి మాత్రం పోకండి, చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు దెప్పిపొడవకండి. ఇంట్లో నాలుగు నోళ్లున్నవాడి కష్టం మీకు తెలియనిది కాదు.

నాకు దిగులు పుట్టించింది మీ నాయన గురించి రాసిన ఒక్క వాక్యం. ఇరుకు దారి ఎంచుకున్నది మీరు, అప్పు మాత్రం ఆయన పేరున ఉంది. కూలి చేసుకునే ఇంట్లో కొడుకు సర్కారు ఉద్యోగమంటే ఆ ఇంటికి ఎంత ఆశో వేరే చెప్పాలా? ఈ విషయం బావ నోటి నుంచో, ఊళ్లో ఎవరి నోటి నుంచో ఆయన వినకూడదు. ఫోన్లో చెప్పొద్దు. చర్చి నుంచి వచ్చిన ఆదివారం అస్సలు వద్దు. ఊరికి పోయి, సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిన్నాక పక్కన కూర్చుని చెప్పండి. బైబిలు వాక్యాలు ఎత్తొద్దు. ‘నాయనా, నేను ఎస్సీ కోటాలో పెట్టడం లేదు. ఉన్నది లేనట్టు రాయలేను. నీ అప్పు నేను తీరుస్తా’ అంటే చాలు. ఆయన తిడతాడు. నెల రోజులు మాట్లాడకపోనూవచ్చు. ‘నీ దేవుడు కడతాడా వడ్డీ?’ అని అడిగినా ఎదురు చెప్పకండి, అడిగే హక్కు ఆయనకుంది. జాతర పొంగలి తినాలా వద్దా అనే వాదన ఇప్పుడే తెచ్చిపెట్టుకోకండి.

ఆ మాట నిలబెట్టుకోవడానికి చదువుతో పాటు ఏదో ఒక సంపాదన చూసుకోండి. తిరుపతిలో ట్యూషన్లున్నాయి, శ్రీసిటీ కంపెనీలున్నాయి. చదివే గంటలు తగ్గుతాయి, నిజమే. కానీ సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన పత్రికలోనే ఉంది. నెలకు వెయ్యో రెండు వేలో మీ చేత్తో ఆయన చేతిలో పెట్టండి. మీ విశ్వాసం ఆయనకు అర్థమయ్యేది అలాగే. అమ్మ సంగతి తేలిక, ఆమెకు సగం తెలిసే ఉంటుంది.

నాయనతో మాట్లాడాక గ్రామ సచివాలయానికి వెళ్లి బీసీ-సీ సర్టిఫికెట్‌కు ఏమేం కావాలో కనుక్కోండి. ఏపీపీఎస్సీలో మీ వన్ టైమ్ ప్రొఫైల్‌లో పాత కులమే ఉంటుంది. అప్లికేషన్ తెరిచేముందు దాన్ని మార్చుకోండి. ఆఖరి రోజు రాత్రి సర్వర్ మొరాయిస్తుంటే, పక్కన బావ తొందర పెడుతుంటే తీసుకునే నిర్ణయం కాదిది.