దానపత్రం నకలు తెచ్చుకోండి, మనవడి అఫిడవిట్ మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మా ఊళ్లో మున్సిపాలిటీ నడిపే ఆవిరి స్నానాల కేంద్రం ఉంది. 1958లో ఒక రైస్ మిల్లు యజమాని పేదల కోసం ఆ స్థలం ఇచ్చారని పెద్దలు చెబుతారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, హమాలీలు కీళ్ల నొప్పులకు అక్కడికే వస్తారు. టికెట్ 20 రూపాయలు. మంచం పట్టిన మా అమ్మ అక్కడికి వెళ్లాకే లేచి నడిచింది. ఇప్పుడు దాన్ని పడగొట్టి కాంప్లెక్స్ కట్టడానికి ఒక బిల్డర్‌కు 33 ఏళ్ల లీజుకిచ్చారు. పై అంతస్తులో స్పా పెడతారట, మనిషికి 600 రూపాయలట. కౌన్సిల్ తీర్మానమై 14 నెలలైంది. అప్పటి నుంచి ఎమ్మెల్యేకు, కలెక్టర్‌కు అర్జీలు ఇస్తూనే ఉన్నాం. ఆన్‌లైన్‌లో ఆ స్థలం ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) తీస్తే ఏమీ రాలేదు. దాత మనవడు దానం రద్దు చేయించే దావా వేస్తానంటున్నాడు. కేంద్రం ఏడేళ్లుగా మూతపడి ఉందని మమ్మల్ని అఫిడవిట్లు ఇమ్మంటున్నాడు. 12 ఏళ్ల గడువుంది, తొందరేమీ లేదంటున్నాడు. మాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు మీ అమ్మగారి మోకాళ్ల గురించి, చెక్కపెట్టెలో కూర్చుని తల మాత్రం బయటపెట్టి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఆవిరి పట్టించుకునే ఆడవాళ్ల గురించి రాశారు. అంతా చదివాను. కానీ కేసు దాని మీద గెలవదు. కేసును తేల్చే సంగతిని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. స్థలం ఇచ్చారని ‘పెద్దలు చెబుతారు’ అన్నారు. ఇచ్చిన కాగితం ఏది? అందులో షరతు ఏమని రాసి ఉంది?

ఆ స్థలం మున్సిపాలిటీ డబ్బు పెట్టి కొన్నదైతే, టికెట్ 20 ఉండాలా 600 ఉండాలా అన్నది కౌన్సిల్ విధాన నిర్ణయం. ఎన్నేళ్లు వాడుకున్నా ఆ ధరకే వాడుకునే హక్కు మీకు పుట్టదు. టెండరు సక్రమంగా పిలిచారా, ఇంత దీర్ఘకాలం లీజుకు ప్రభుత్వ మంజూరు ఉందా అన్న చోటే మీ పోరాటం ఆగుతుంది. అలా కాకుండా, బీదసాదలకు తక్కువ రుసుముతో ఆవిరి స్నానం అందించడానికే ఇస్తున్నానని రాసి రిజిస్టరు చేసిన దానపత్రం ఉందనుకోండి, అప్పుడు మున్సిపాలిటీ ఆ స్థలానికి ధర్మకర్త లాంటిది. దాన్ని తన ఇష్టానికి వాడుకోవడం కుదరదు.

లక్నోలో ఝండేవాలా పార్కు కింద షాపింగ్ కాంప్లెక్స్ కట్టుకోమని 1993లో అక్కడి నగర మహాపాలిక, అంటే నగరపాలక సంస్థ, టెండరు లేకుండా ఒక బిల్డర్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఎం.ఐ. బిల్డర్స్ కేసు. 1999లో సుప్రీంకోర్టు ఆ ఒప్పందం చెల్లదని, కట్టింది తీసేసి పార్కును తిరిగి పార్కుగా చేయాలని ఆదేశించింది. అది పార్కు అన్న సంగతి అక్కడ రుజువు చేయాల్సిన పనే లేదు. మీకు అంత బలం ఇచ్చేది దానపత్రం ఒక్కటే.

ఈసీలో ఏమీ రాలేదని దిగులు పడ్డారు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి జరిగిన లావాదేవీలనే చూపిస్తుంది. 1958 దస్తావేజు అందులో ఎలా కనబడుతుంది? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి పాత ఇండెక్స్ పుస్తకాల్లో వెతికించమని దరఖాస్తు పెట్టండి. అక్కడ లేకపోతే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటి నకలు ఎవరైనా తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆ నకలు కోర్టులో చెల్లుతుంది. ఆ కాలపు దస్తావేజు ఉర్దూలో ఉంటే తర్జుమా చేయించాలి.

ఒక విషయంలో మీ మీద నాకు కోపం వచ్చింది. దాత పేరు, షరతు చెక్కిన శిలాఫలకం ముందు గోడకు ఉండేదని, గోడ పగలగొట్టినప్పుడు మాయమైందని రాశారు. ఫొటో తీసిన ఫోన్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశామని, ఇప్పుడు ఫొటో తమ్ముడి వాట్సాప్‌లో మాత్రమే ఉందని కూడా రాశారు. ఊరి ఆస్తికి మిగిలిన ఆధారాన్ని అలాగేనా చూసుకునేది? భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ జత చేయాలి. చేతులు మారి వచ్చిన ఫొటోను అవతలి వకీలు సులువుగా ప్రశ్నిస్తాడు. ఇకనైనా తమ్ముడి ఫోన్ మార్చనివ్వకండి, ఆ చాట్ చెరపనివ్వకండి. పాత టికెట్ ముక్కలు, రసీదులు ఎవరి దగ్గరున్నా పోగు చేయండి.

ఇక గడువు సంగతి. 12 ఏళ్లన్నది మీకు వర్తించదు. షరతు తప్పినందుకు ఆస్తి తిరిగి తనకు రావాలని స్వాధీనం అడిగే మనవడి లాంటివారికి లిమిటేషన్ చట్టం 66వ ఆర్టికల్ ఇచ్చే గడువు అది. అదీ దానపత్రంలో అలాంటి మాట ఉంటేనే. మీరు వెళ్లాల్సింది హైకోర్టులో రిట్‌కు, అంటే మున్సిపాలిటీ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్‌కు. దానికి ఇన్ని రోజులని లెక్క లేదు కానీ, ఆలస్యం చేస్తే ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అని కొట్టేస్తారు. అర్జీలు పెడుతూ కూర్చుంటే గడువు పెరగదని సుప్రీంకోర్టు సి. జేకబ్ కేసులో 2008లోనే చెప్పింది. 14 నెలలు చేజేతులా పోగొట్టుకున్నారు. బిల్డర్ పునాది తీశాక వెళితే అతను పెట్టిన ఖర్చు కూడా మీకు అడ్డమే.

మనవడి అఫిడవిట్ల జోలికి మాత్రం వెళ్లకండి. మొన్నటిదాకా టికెట్ కొనుక్కుని వెళ్లిన చోటు ఏడేళ్లుగా మూతపడి ఉందని ప్రమాణం చేస్తారా? అది తప్పుడు సాక్ష్యం. భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల వరకు జైలు. పైగా రేపు మీ రిట్‌లో అదే అఫిడవిట్ తెచ్చి, వాడకమే లేదని వీళ్లే చెప్పారంటూ మీ ముందు పెడతారు. దావా గెలిస్తే స్థలం వెళ్లేది అతని పేరు మీదికి, ఊరికి కాదు. చవకగా నడుపుతానన్న మాట అతను ఏ కాగితం మీదా రాయలేదు. రేపు అతను బిల్డర్‌తో రాజీ పడితే అడ్డుకోవడానికి మీరు ఆ దావాలో కక్షిదారులు కూడా కారు.

నకలు వెతికిస్తూనే, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కౌన్సిల్ తీర్మానం, టెండరు ప్రకటన, లీజు ఒప్పందం, టికెట్ ధర నిర్ణయించిన పాత తీర్మానాలు, తీసేసిన శిలాఫలకం ఎక్కడుందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫైలు స్వయంగా చూసే హక్కు కూడా అడగండి. చాలామంది అది అడగరు, కానీ అధికారులు తమ అభిప్రాయాలు రాసుకునే నోట్ ఫైలులోనే అసలు సంగతులు ఉంటాయి.

రిట్‌లో సాధారణంగా సాక్షులను విచారించరు, కాగితాలే మాట్లాడాలి. కాంప్లెక్స్ వద్దే వద్దని మాత్రం అడగకండి, అభివృద్ధికి అడ్డు అన్న పేరు వస్తుంది. షరతు నెరవేరేలా లీజును సవరించాలని, ఆవిరి స్నానాల విభాగం కింది అంతస్తులోనే ఉండాలని, రుసుము కౌన్సిలే నిర్ణయించాలని, ఆడవాళ్లకు ఇప్పుడు కేటాయించిన రోజులు తగ్గించకూడదని, కట్టినన్నాళ్లూ పక్కనే తాత్కాలిక షెడ్డులో నడపాలని అడగండి. అప్పటిదాకా ఆ విభాగాన్ని పడగొట్టకుండా స్టే కోరండి. మెట్లెక్కలేని మోకాళ్లకు కింది అంతస్తు ఎందుకో వివరించేటప్పుడు మీ అమ్మగారి సంగతి రెండు వాక్యాలు రాయించవచ్చు.

సోమవారమే దాత పూర్తి పేరు, తండ్రి పేరు, ఆ స్థలం పాత సర్వే నంబరు రాసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. నకలు చేతికి రాగానే హైకోర్టు వకీలును కలవండి. సమాచార హక్కు జవాబు కోసం ఆగకండి, అది తర్వాత అదనపు అఫిడవిట్‌తో వేయవచ్చు.