ఎంబీఏ ఎందుకో అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ చేసి హైదరాబాద్‌లో ఓ ఐటీ కంపెనీలో ఏడాదిన్నరగా టెస్టింగ్ పని చేస్తోంది. ఇప్పుడు ఎంబీఏ అంటోంది. ఐఐఎం, హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ, రాష్ట్ర ఎంట్రన్స్ ఐసెట్‌తో చేరే కాలేజీల్లో ఏది మేలు? మా తోడల్లుడి కొడుకు ఐఐఎంలో చదివి ముంబైలో పెద్ద ప్యాకేజీ తెచ్చుకున్నాడు. బిజినెస్ అనలిటిక్స్‌కి గిరాకీ ఉందంటున్నారు. పొలం తాకట్టు పెట్టి చదివించవచ్చా? పెళ్లి సంగతీ చూడాలి కదా.
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: పోలిక అడిగారు, చెప్తాను. కానీ మీ ఉత్తరంలో తోడల్లుడి కొడుకు ప్యాకేజీ ఉంది, మార్కెట్ గిరాకీ ఉంది, పెళ్లి ఉంది. అమ్మాయికి ఎంబీఏ ఎందుకు చేయాలనిపించిందో ఒక్క ముక్క లేదు. అడగలేదా, అడిగి వినలేదా? కోపం తెచ్చుకోకండి, నాకొచ్చే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి, లక్షలు పోసి, రెండేళ్లకు మళ్లీ ఇలాంటి కుర్చీలోకే వస్తే ఏం గతి అన్నదే మీ అసలు బెంగ. ఆ బెంగ న్యాయమైనదే.

మన పిల్లలకు బీటెక్‌లో బ్రాంచి ఇచ్చేది ర్యాంకు. క్యాంపస్‌లో వచ్చిన కంపెనీలో ప్రాజెక్టు ఇచ్చేది ఆ కంపెనీ. ఇరవై మూడేళ్లు వచ్చాక, మొదటిసారి తమంతట తాము ఎంచుకునేది చాలామందికి ఈ ఎంబీఏనే. కొందరికి కోడింగ్ గిట్టదు. కొందరికి మనుషులతో మాట్లాడే పని, మార్కెటింగో ఫైనాన్సో కావాలి. కొందరికి మేనేజరుతో పడదు. పెళ్లి ఇంకో రెండేళ్లు ఆగితే చాలనుకుని అప్లై చేసే ఆడపిల్లలూ ఉన్నారు. ఉలిక్కిపడకండి, మీ అమ్మాయి సంగతి నాకు తెలియదు. అయితే ఒక్కో కారణానికి ఒక్కో మందు. టెస్టింగ్ నుంచి బయటపడటమే కావాలంటే అదే కంపెనీలో బిజినెస్ అనలిస్ట్ పనికి మారొచ్చు. దానికి పాతిక లక్షలు అక్కర్లేదు.

ఇక ఆ బిజినెస్ అనలిటిక్స్, అంటే కంపెనీ డేటాలోంచి నిర్ణయాలకు పనికొచ్చే సంగతులు తీయడం. దాని మీద నాకు అనుమానాలున్నాయి. మామూలు ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల మారింది బోర్డు మీద పేరే, చెప్పే మాస్టార్లు పాతవాళ్లే. నేర్పేది ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ లాంటి డేటా సాధనాలు, కాస్త పైథాన్ కోడింగ్, కాస్త స్టాటిస్టిక్స్. ఇంజినీరింగ్ చదివిన పిల్ల వీటిలో సగం శని ఆదివారాల్లో ఇంట్లో కూర్చుని నేర్చుకోగలదు. పైగా కోడింగ్ నుంచి పారిపోతున్న పిల్లను ఆ కోర్సులో వేస్తే మళ్లీ కోడింగ్ దగ్గరకే పంపినట్టు. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న ఫ్లెక్సీ కనబడితే మూడు సంగతులు అడగండి: ప్లేస్‌మెంట్‌కి ఎంతమంది కూర్చున్నారు, సగటు కాదు మధ్యస్థ జీతం (అందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమివారికి వచ్చేది) ఎంత, అందులో సేల్స్ టార్గెట్ ఉద్యోగాలెన్ని. ఐఐఎం అహ్మదాబాద్ తన ప్లేస్‌మెంట్ లెక్కలను ఆడిట్ చేయించి బయటపెడుతుంది. మీరు చూస్తున్న కాలేజీ అలా చూపించలేకపోతే ఆ ప్యాకేజీ కబుర్లు నమ్మకండి.

పోలిక క్లుప్తంగా చెప్తాను. ఐఎస్‌బీలో ప్రధాన కోర్సు ఏడాదే. మామూలుగా రెండేళ్ల అనుభవం అడుగుతారు, చేరేనాటికి మీ అమ్మాయికి అది నిండుతుంది. ఖర్చు మాత్రం నలభై లక్షలకు అటూఇటూ. ఐఐఎంలు రెండేళ్లు. అహ్మదాబాద్‌లో ఫీజు పాతిక లక్షలు దాటింది, 2015లో మొదలైన విశాఖలో అంతకన్నా తక్కువ. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ స్కోరు మీదే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఎంబీఏ ఉంది. ఐసెట్‌లో మంచి ర్యాంకు వస్తే ఉస్మానియా లాంటి యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీల్లో తక్కువ ఖర్చుతో అయిపోతుంది, దాన్ని చిన్నచూపు చూడకండి. నేను వద్దనేది మధ్యలో ఉన్న రకం: పేరు లేని కాలేజీకి పది పదిహేను లక్షలు కట్టడం.

పొలం జోలికి వెళ్లకండి. పేరున్న సంస్థలో సీటొస్తే బ్యాంకులు తాకట్టు లేకుండానే విద్యారుణం ఇస్తాయి. 20 లక్షలు 10 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 26 వేలు. అది అమ్మాయి తన జీతంలోంచి కట్టేది, కాబట్టి ఈ లెక్క ఆమెతో కూర్చుని వేయండి. పాత పన్ను విధానంలో ఉంటే వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంటుంది.

మీకు ధైర్యం చెప్పాల్సింది కూడా ఉంది. మీ అమ్మాయికి ఉద్యోగముంది, అనుభవముంది, తనకేం కావాలో తనే ఆలోచిస్తోంది. సీటు రాకపోయినా పోయేది పరీక్ష ఫీజే. పెళ్లి గురించి ఆమె అభిప్రాయం విడిగా అడగండి, కాలేజీ లెక్కల్లో కలపకండి.

కోచింగ్ కోసం ఉద్యోగం మానేస్తానంటే మాత్రం నేనూ మీ పక్షమే. క్యాట్ నవంబరులో ఉంటుంది, పొద్దున ఓ గంట, వారాంతాల్లో మాక్ టెస్టులతో సిద్ధం కావచ్చు. మానేస్తే జీతం పోతుంది, అనుభవం ఆగుతుంది, ఇంటర్వ్యూలో ఆ ఖాళీ నెలలకు సమాధానం చెప్పుకోవాలి. రాజీనామా సీటు చేతికొచ్చాకే.